ఎనిమిది కీలు, పదకొండు చుక్కలు

2002లో శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నాకు ఒక చిన్న డీటీపీ సెంటర్ ఉండేది. రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటర్, ఒక టెలిఫోన్ లైను, కంప్యూటరును ఆ లైనుతో కలపడానికి దానికి తగిలించిన ఒక ఎక్స్‌టర్నల్ మోడెమ్, ఇవే మా సామగ్రి. పగలంతా శుభలేఖలు, కరపత్రాలు, చందా రసీదు పుస్తకాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేసేవాళ్లం. సాయంత్రం ఆరు దాటాక అదే కంప్యూటర్ మీద ఇంటర్నెట్ పని మొదలయ్యేది. పరీక్షా ఫలితాలు చూసుకోవడానికి, విదేశాల్లో ఉన్న కొడుకులకూ కూతుళ్లకూ ఈమెయిల్ పంపడానికి, ఉద్యోగాల దరఖాస్తు ఫారాలు దించుకోవడానికి జనం వచ్చేవారు. ఆ ఏడాది వినాయక చవితి నాటి నుంచి మా కనెక్షన్ కొన్ని సాయంత్రాలు కలిసేది, కొన్ని సాయంత్రాలు ఎంత ప్రయత్నించినా కలిసేది కాదు. కలవని రోజున తెర మీద కనిపించే అంకె మాత్రం ఎప్పుడూ ఒక్కటే, 691. దాని మూలం పట్టుకోవడానికి నాకు ఏడు వారాలు పట్టింది. అప్పుడు రాసుకున్న నోటు పుస్తకం ఇంకా నా దగ్గర ఉంది కనుక, ఏ రోజు ఏమనుకున్నానో, ఎక్కడ దారి తప్పానో ఉన్నది ఉన్నట్టు చెప్పగలను.

డయలప్ వాడని వారి కోసం ముందు ఒక మాట. ఆనాడు ఇంటర్నెట్ అంటే ప్రతిసారీ చేసే ఒక ఫోన్ కాల్. మోడెమ్ ముందు ఫోను ఎత్తుతుంది, డయల్ టోన్ వింటుంది, సర్వీసు ఇచ్చే కంపెనీ నంబరును టిక్కుటిక్కుమంటూ నొక్కుతుంది, అవతల గంట మోగుతుంది, అవతలి మోడెమ్ ఎత్తి 2100 హెర్ట్‌జ్‌ల సన్నని ఈల వేస్తుంది, ఆ తరువాత రెండు మోడెములూ వేగం కుదుర్చుకునేటప్పుడు కీచుమని, బుస్సుమని కొన్ని క్షణాలు రొద పెట్టి హఠాత్తుగా నిశ్శబ్దమైపోతాయి. ఆ నిశ్శబ్దం మంచి గుర్తు. మా మోడెమ్ ముందు భాగంలో వరసగా చిన్న ఎర్ర దీపాలుండేవి. నిశ్శబ్దం కాగానే వాటిలో సీడీ అని రాసి ఉన్నది వెలిగేది, అంటే అవతలి మోడెమ్ కూత మనకు అందుతున్నదని అర్థం. డబ్బా మీద 56కే, అంటే సెకనుకు 56 వేల బిట్లు, అని రాసి ఉన్నా మాకు దక్కిన వేగం 31,200 లేదా 33,600 బిట్లు మాత్రమే. వి.90 పద్ధతిలో 56కే రావాలంటే కంపెనీ వైపు నుంచి మన ఎక్స్ఛేంజి దాకా దారంతా డిజిటల్‌గా ఉండి, మన ఇంటి తీగ ఒక్కటే పాత పద్ధతిలో ఉండాలి. మా దారి అలా లేదు. దాని గురించి నేనెప్పుడూ బాధపడలేదు.

నిశ్శబ్దం తరువాత విండోస్ 98 ఒక చిన్న పెట్టెలో, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ సరిచూస్తున్నాను అని చెప్పేది. ఈ మెట్టు దాకా వచ్చామా లేదా అన్నదే మొత్తం వైద్యానికి కీలకం. డయల్ టోనే లేకపోతే 680 వచ్చేది. ఎవరో పక్క గదిలో పారలల్ ఫోను సరిగా పెట్టలేదన్నమాట. అవతల ఎంగేజ్ ఉంటే 676, గంట మోగినా జవాబు లేకపోతే 678, మోడెమ్ కేబులు ఊడితే 630. వీటిలో దేనికీ పాస్‌వర్డుతో సంబంధం లేదు, ఎందుకంటే పాస్‌వర్డు అడిగే చోటికి మనం ఇంకా చేరలేదు. 691 మాత్రం అక్కడికి చేరాక వచ్చేది. లైను కలిసింది, రెండు మోడెములూ మాట్లాడుకున్నాయి, మన పేరూ పాస్‌వర్డూ అవతలికి వెళ్లాయి, అవతలి నుంచి కాదన్న జవాబు స్పష్టంగా వచ్చింది. ఇందులో మాకు తగిలిన మరో దెబ్బ ఏమిటంటే, అవతలి మోడెమ్ ఫోను ఎత్తింది కనుక ఆ కాల్ మీటరులో పడేది. ఎంగేజ్ వస్తే డబ్బు పోదు, 691 వచ్చిన ప్రతిసారీ పోతుంది. మొదటి నెల బిల్లు చూసి మా ఆవిడ ఏమీ అనలేదు కానీ, నాకే నిద్ర పట్టలేదు.

మొదటి రోజు నేను అందరూ చేసే పనే చేశాను. క్యాప్స్ లాక్ దీపం చూశాను, పాస్‌వర్డు మళ్లీ కొట్టాను, మరోసారి నిదానంగా కొట్టాను. పాస్‌వర్డు మాకు ఇంటర్నెట్ కంపెనీ ఆఫీసు వాళ్లు డాట్ మాట్రిక్స్ ప్రింటరు మీద తీసిన చీటీలో ఇచ్చారు. ఆ ప్రింటరు రిబ్బను అరిగిపోయి ఉండటం వల్ల ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరమూ, ఒకటి అంకె ఒకేలా పడ్డాయి. సున్నాకూ ఓ అక్షరానికీ కూడా తేడా తెలియలేదు. అయితే మొదట ఆ చీటీ చూసి కొట్టిన పాస్‌వర్డుతోనే నెలల తరబడి పనిచేశాం కనుక చీటీ మీద అనుమానం నిలవలేదు. అయినా ఆఫీసుకు వెళ్లి మార్పించుకున్నాను. కౌంటరులో ఉన్న ఉద్యోగి ఓపికగా తన తెర చూసి, "మేస్టారూ, మీ పేరు సరిగానే వస్తోంది. పాస్‌వర్డే తప్పు పడుతోంది" అన్నారు. ఎనిమిది అక్షరాలతో కొత్తది ఇచ్చారు. ఈసారి నేనే దగ్గరుండి, ఎల్, ఓ అక్షరాలు లేకుండా పెట్టించుకున్నాను. ఆ సాయంత్రం ఒక్క కాల్‌కే కలిసింది. రెండు రోజుల తరువాత మళ్లీ 691.

ఆ ఉద్యోగి మొదటి రోజే నిజం చెప్పారు. ఆ మాటను నేను ఏడు వారాలు నమ్మలేదు. నా పాస్‌వర్డు నాకు తెలుసు, నా వేళ్లతో నేను కొట్టాను, అది తప్పెలా అవుతుంది అన్నదే నా వాదన. పైగా అప్పటికి నేను కొంత చదువుకున్నాను. మన కాల్ తీసుకునే సర్వరుకు ఎవరి పాస్‌వర్డూ తెలియదు. అది మన పేరూ పాస్‌వర్డూ రేడియస్ అనే పద్ధతిలో వేరే కంప్యూటరుకు పంపి, లోపలికి రానివ్వాలా వద్దా అని అడుగుతుంది. అక్కడి నుంచి ఔననో కాదనో జవాబు వస్తుంది. కాదన్నప్పుడు కారణం మన దాకా రాదు. పేరు తప్పయినా, పాస్‌వర్డు తప్పయినా, కొన్న గంటలు అయిపోయినా, అదే ఖాతా మరో చోట వాడుకలో ఉన్నా, మన తెర మీద కనిపించేది అదే 691. ఇంత తెలిసిన తరువాత, పాస్‌వర్డు తప్పన్న మాట ఒక్కటి తప్ప మిగిలిన అన్ని కారణాలనూ నేను వెతకడం మొదలుపెట్టాను.

వాటిలో ఒకటి కొంతవరకు నిజమే అయింది. సెప్టెంబరులో కరెంటు తరచూ పోయేది. యూపీఎస్ కంప్యూటరుకు ఉంది కానీ మోడెమ్‌కు లేదు. కరెంటు పోగానే మోడెమ్ ఆరిపోయి కాల్ తెగిపోతుంది. వెంటనే వచ్చిన కరెంటుతో మళ్లీ డయల్ చేస్తే 691. పది పదిహేను నిమిషాలు ఆగి చేస్తే కలిసేది. ఆఫీసులో అడిగితే, మేము బయటికి వచ్చిన కబురు వాళ్ల లెక్కల పుస్తకంలో కొన్నిసార్లు ఆలస్యంగా పడుతుందని, అంతదాకా మేము లోపలే ఉన్నట్టు లెక్క అని, ఒకే ఖాతాతో రెండో మనిషిని రానివ్వరు కనుక మమ్మల్ని మేమే అడ్డుకుంటున్నామని చెప్పారు. మోడెమ్ ప్లగ్గును యూపీఎస్‌కు మార్చాను. కరెంటు పోయినప్పుడు వచ్చే 691 అక్కడితో ఆగింది. అసలు జబ్బు ఆగలేదు. ఒకే అంకె వెనుక రెండు వేర్వేరు కారణాలు ఉండవచ్చన్న ఆలోచన నాకు అప్పుడే రావలసింది. మొదటిది దొరకగానే మిగిలినదంతా కూడా దాని పిల్లలే అనుకున్నాను.

తరువాత లైను మీద పడ్డాను. వర్షాకాలం చివర మా వైపు గాలి తడి తడిగా ఉంటుంది, స్తంభాల మీది జాయింట్లలోకి నీరు దిగుతుంది, ఫోనులో గరగర వినిపిస్తుంది. ఆ గరగరలో నా పాస్‌వర్డు అక్షరాలు చెదిరిపోయి, ఒకటి పంపితే అవతల మరొకటి చేరుతున్నదని నాకు నేనే ఒక సిద్ధాంతం కట్టుకున్నాను. లైన్‌మేన్‌ను పిలిచాను. ఆయన పాలకొండ రోడ్డు వైపు ఇళ్లకు ఫోను తీగలు పంచే డీపీ బాక్సు దాకా వెళ్లి, పచ్చబారిన రాగి తీగ చివర కత్తిరించి కొత్త జాయింటు వేసి, లోపల గోడకున్న ఫోను సాకెట్టు, అంటే రోజెట్ కూడా మార్చి, చెవికి ఫోను ఆనించుకుని విని నా చేతికిచ్చారు. "ఇనుకో బాబూ, లైను సుబ్బరంగా ఉంది. ఇంకేటి సెయ్యమంటావు?" అన్నారు. నిజంగానే శుభ్రంగా ఉంది. ఆ రాత్రే 691 వచ్చింది.

నా సిద్ధాంతం ఎందుకు తప్పో తరువాత ఒక పాత పుస్తకాల కొట్టులో దొరికిన నెట్‌వర్కింగు పుస్తకం చదివాక తెలిసింది. డయలప్‌లో మన మాటలు విడివిడి అక్షరాలుగా ప్రయాణం చేయవు. పీపీపీ అనే పద్ధతిలో చిన్న చిన్న కట్టలుగా కట్టబడతాయి. ప్రతి కట్ట చివరా 16 బిట్ల సరిచూపు అంకె ఒకటి ఉంటుంది; దారిలో ఒక్క అక్షరం చెదిరినా ఆ అంకె కలవదు, అప్పుడు అవతలివాడు ఆ కట్టను చదవకుండానే పారేస్తాడు. దానికంటే ముందు మోడెములు కూడా తమలో తాము తప్పులు సరిదిద్దుకుంటాయి. కాబట్టి గరగర లైను మీద జవాబు రాకపోవడం జరగవచ్చు, 650 రావచ్చు, మధ్యలో తెగిపోయి 629 రావచ్చు. చెదిరిన పాస్‌వర్డు మాత్రం అవతలికి చేరి తిరస్కారం తేదు. 691 వచ్చిందంటే నేను పంపిన కట్ట చెక్కుచెదరకుండా చేరిందని అర్థం. ఈ ఒక్క వాక్యం ముందే తెలిసి ఉంటే లైన్‌మేన్‌ను ఆ వానలో స్తంభం ఎక్కించి ఉండేవాణ్ని కాను.

పుస్తకం చదివిన హుషారులో ఒక ఆదివారం ఉదయం డయల్ చేయగానే టెర్మినల్ విండో తెరుచుకునేలా సెట్టింగు మార్చి చూశాను. నల్లని తెర మీద అవతలి సర్వరు నేరుగా పేరు అడిగింది, పాస్‌వర్డు అడిగింది. రెండూ చేత్తో కొట్టాను. ఒక్క క్షణం ఆగి, తెర మీద ~ గుర్తూ, దాని వెంట }# అనీ, !}!}!} అనీ పిచ్చి గీతల వరస ఒకటి పరుచుకుంది. అది చూసి కంప్యూటరు పాడైందనుకునేవారు చాలామంది ఉండేవారు. నిజానికి అది శుభవార్త. ~ అన్నది పీపీపీ కట్టకు మొదలూ చివరా వేసే ముడి, } అన్నది తరువాతి అక్షరాన్ని వేరుగా చదవమని చెప్పే గుర్తు. సర్వరు నా పేరూ పాస్‌వర్డూ ఒప్పుకుని, ఇక కట్టలు పంపుకుందాం రమ్మని పిలుస్తోంది. అంటే పాస్‌వర్డు సరైనదే. చేత్తో కొడితే సరైన పాస్‌వర్డు, డయలప్ పెట్టెలో కొడితే తప్పవుతోందంటే లోపం విండోస్‌లోనే ఉందని తీర్మానించాను. ఆ రోజు ఆదివారమనీ, ఉదయం నుంచి తెలుగు టైపింగు ఏదీ చేయలేదనీ నోటు పుస్తకంలో రాసుకున్నాను కానీ, రాసినదాన్ని చదవలేదు.

ఆ తీర్మానానికి మరో బలం కూడా దొరికింది. 691 వచ్చిన ఒక సాయంత్రం మోడెమ్‌నూ సీరియల్ కేబులునూ ఊడదీసి, పిల్లలకు ఇంగ్లీషు టైపింగు నేర్పే పాత కంప్యూటరుకు తగిలించాను. అదే లైను, అదే మోడెమ్, అదే ఖాతా, మొదటి కాల్‌కే కలిసింది. మళ్లీ కొత్త కంప్యూటరుకు మార్చాను, 691. ఇంతకంటే రుజువేం కావాలి? కనెక్షన్ సెట్టింగుల్లో నెట్‌వర్కులోకి లాగాన్ అవ్వమనే టిక్కు తీసేశాను, ఇంటర్నెట్‌కు కావలసిన టీసీపీ/ఐపీ తప్ప మిగిలిన రెండు ప్రోటోకాళ్లూ తీసేశాను. ఇవి చేయదగిన పనులే, కాల్ కలిశాక ఆలస్యం కొంత తగ్గింది. 691 తగ్గలేదు. డయలప్ నెట్‌వర్కింగును తీసేసి మళ్లీ ఎక్కించాను. చివరికి మహాలయ పక్షాల్లో పని తక్కువగా ఉండటం చూసి విండోస్ 98 మొత్తం ఫార్మాట్ చేసి ఎక్కించాను.

మూడు రోజులు ఒక్కసారి కూడా తప్పలేదు. నాలుగో రోజు దసరా కరపత్రాల పని వచ్చింది. తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నాం. ఆ సాయంత్రం 691.

ఇప్పుడు ఇది చదువుతున్నవారికి జవాబు తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలియలేదు. వాన తగ్గిన రోజుల్లో బాగుండి, దసరా ముందు వాయుగుండం పట్టగానే మళ్లీ మొదలైందని పుస్తకంలో రాశాను. మహాలయ పక్షాల్లో శుభలేఖలు వేయించరనీ, అందువల్ల ఆ పదిహేను రోజులూ తెలుగు టైపింగు దాదాపు లేదనీ, వానకు బదులు పంచాంగం చూస్తే లెక్క సరిపోయేదనీ తట్టలేదు.

అప్పటికి మిగిలిన దారి లాగ్ ఫైలు ఒక్కటే. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ తెరిచి, డయలప్ అడాప్టరు ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ పేజీలో లాగ్ రాయమని చెబితే, ప్రతి కాల్‌లో ఏ మెట్టు దాకా వెళ్లిందో విండోస్ ఒక టెక్స్ట్ ఫైలులో క్షణాలతో సహా రాసిపెడుతుంది. కలిసిన రోజు ఫైలునూ, కలవని రోజు ఫైలునూ ప్రింటు తీసి బల్ల మీద పక్కపక్కన పరిచాను. రెండింటిలోనూ మొదటి భాగం ఒక్కటే: సి021 అంకెతో లింకు కుదుర్చుకోవడం, పాస్‌వర్డు సరిచూడటానికి సి023, అంటే పీఏపీ పద్ధతి వాడాలని సర్వరు కోరడం, మా కంప్యూటరు ఒప్పుకోవడం. ఆ పద్ధతిలో పాస్‌వర్డు ఏ మార్పూ లేకుండా, మనం కొట్టింది కొట్టినట్టే వెళుతుంది. ఒక ఫైలులో ఆ తరువాత 8021 అంకెతో ఐపీ అడ్రసు తీసుకోవడం ఉంది. రెండో ఫైలులో తిరస్కారం ఉంది, అదీ వెంటనే. ఎదురుచూపు లేదు, మళ్లీ మళ్లీ పంపడం లేదు. ఇంత శుభ్రంగా కాదంటున్నారంటే మనం పంపిందే తప్పు. ఆఫీసులో ఆయన మొదటి రోజు చెప్పిన మాట దగ్గరికి ఆ రాత్రి నేను తిరిగి వచ్చాను.

పాస్‌వర్డు పెట్టెలో అక్షరాలు కనబడవు, చుక్కలు కనబడతాయి. మా ఆపరేటర్ కుర్రాడు ఆమదాలవలస నుంచి రోజూ వచ్చేవాడు, తెలుగు టైపింగులో మంచి చేయి. శుభలేఖ ఒకటి ముగించి లేచిన అతన్ని అలాగే కూర్చోబెట్టి, "నువ్వే కొట్టు, ఒక్కో కీ ఆగి ఆగి కొట్టు" అన్నాను. నేను పక్కన స్టూలు వేసుకుని తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టాను. మొదటి కీకి ఒక చుక్క. రెండో కీకి రెండు చుక్కలు ఒకేసారి పడ్డాయి. అతను ఆగి నా వైపు చూశాడు. "మేస్టారూ, రెండడిపోనాయి" అన్నాడు. కీ ఇరుక్కుందేమోనని తుడిచి మళ్లీ మొదటి నుంచి కొట్టించాను. మళ్లీ అదే చోట రెండు. ఎనిమిది కీలు పూర్తయ్యేసరికి పెట్టెలో పదకొండు చుక్కలున్నాయి.

నోట్‌ప్యాడ్ తెరిచి అదే పాస్‌వర్డు కొట్టించాను. ఇంగ్లీషు అక్షరాలు రావలసిన చోట నెత్తిన టోపీలూ గీతలూ ఉన్న యూరపు అక్షరాలు, పౌండు గుర్తు, తలకిందులైన ప్రశ్నార్థకం వరసగా వచ్చాయి. డీటీపీ చేసేవారెవరికైనా అవేమిటో వెంటనే తెలుస్తుంది. ఆనాటి తెలుగు ఫాంట్లలో ఇప్పటిలా ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉండేది కాదు. ఇంగ్లీషు ఫాంటులోని గళ్లలోనే తెలుగు అక్షరాల ముక్కలు పెట్టేవారు: ఒక గడిలో అక్షరం ఒళ్లు, మరో గడిలో తలకట్టు, ఇంకో గడిలో గుడి. కీబోర్డు సాఫ్ట్‌వేర్ మనకూ విండోస్‌కూ మధ్యలో కూర్చుని, మనం నొక్కిన ఒక్క కీకి కావలసిన రెండు మూడు ముక్కలు పంపేది. తెలుగు ఫాంటు ఉన్న చోట అవి కలిసి అక్షరంగా కనిపిస్తాయి, నోట్‌ప్యాడ్‌లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి, పాస్‌వర్డు పెట్టెలో చుక్కలుగా కనిపిస్తాయి. ఒక కీ నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లీషు. శుభలేఖ ముగించి లేచినప్పుడు మేము పేజీ మూసేవాళ్లం, కీబోర్డును ఇంగ్లీషుకు మార్చేవాళ్లం కాదు. యూజర్ నేమ్ పెట్టెలో కూడా కొట్టవలసి వస్తే మొదటి రోజే తెలిసిపోయేది, అది పైకి కనిపిస్తుంది కనుక. విండోస్ పేరును ఎప్పుడూ గుర్తుపెట్టుకుని తనే నింపి ఇచ్చేది. కనిపించని పెట్టె ఒక్కటే మా చేతికి వదిలేది.

ఆ రాత్రి ఇంగ్లీషుకు మార్చి కొట్టాను. ఎనిమిది చుక్కలు. ఈల, రొద, నిశ్శబ్దం, సీడీ దీపం, కనెక్షన్.

ఆనందం మర్నాటి ఉదయానికి కొంత తగ్గింది, ఎందుకంటే లెక్క పూర్తిగా కుదరలేదు. తెలుగు కీబోర్డు దాదాపు ప్రతి సాయంత్రం అలాగే ఉండిపోయేది. మరి కొన్ని సాయంత్రాలు ఎలా కలిసింది? పుస్తకంలో తేదీ, సమయం, వాన, కరెంటు, ఎర్రర్ అంకె అన్న గళ్లున్నాయి. వాటి పక్కన ఆ రోజు తెలుగు పని ఉందా అన్న గడి గీసి పాత రసీదులు చూసి నింపాను. 691 వచ్చిన ప్రతి రోజూ తెలుగు పని ఉంది. తెలుగు పని ఉన్నా 691 రాని రోజులు మాత్రం కొన్ని ఉన్నాయి. సగం తాళం చెవి దొరికింది. మిగతా సగం కోసం ఇంకో వారం గడులు పెంచుతూ పోయాను. ఏ కంపెనీ నంబరుకు డయల్ చేశాం, ముందు ఎవరు కూర్చున్నారు, మధ్యాహ్నం కంప్యూటరు ఆపామా. చివరికి ఒక రోజు, ఉదయం షాపు ఎవరు తెరిచారు అన్న గడి గీశాను. నేను తెరిచిన రోజుల్లో ఒక్క 691 కూడా లేదు.

విండోస్ 98 మొదలయ్యేటప్పుడు ఒక పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది. ఎస్కేప్ కీ నొక్కినా లోపలికి వెళ్లిపోవచ్చు, పని ఆగదు. నేను తెరిచిన రోజు పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళ్లేవాణ్ని. కుర్రాడు తెరిచిన రోజు, వచ్చిన కస్టమరు నిలబడి ఉంటారు కనుక, ఎస్కేప్ నొక్కి పనిలో పడేవాడు. అందులో తప్పేమీ లేదు, ఆ పెట్టె ఎందుకుందో అతనికి ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియదు. ఎందుకుందంటే, మనం డయలప్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డులను విండోస్ ఒక ఫైలులో దాచి, విండోస్ పాస్‌వర్డుతో దానికి తాళం వేస్తుంది. ఉదయం ఆ పాస్‌వర్డు ఇవ్వకపోతే ఆ ఫైలు తెరుచుకోదు. డయలప్ పెట్టెలో పాస్‌వర్డు గడి ఖాళీగా ఉంటుంది, సేవ్ చేయమనే టిక్కు బూడిద రంగులోకి మారి నొక్కడానికి వీలుండదు. నేను తెరిచిన రోజు సేవ్ అయిన పాస్‌వర్డు తనంతట తానే నిండేది, కీబోర్డు ఏ భాషలో ఉన్నా దానికి పని లేదు. అతను తెరిచిన రోజు చేత్తో కొట్టాలి, అప్పుడు కీబోర్డు తెలుగులో ఉంటే పదకొండు చుక్కలు. ఈ రెండూ కలిసిన సాయంత్రమే 691. బూడిద రంగు టిక్కును నేను ఎన్నోసార్లు చూశాను. ఏదో సెట్టింగులే అనుకుని వదిలేశాను.

పాత కంప్యూటరులో తెలుగు సాఫ్ట్‌వేర్ లేదు కనుక అక్కడ ఎప్పుడూ కలిసింది. విండోస్ కొత్తగా ఎక్కించిన మూడు రోజులూ తెలుగు సాఫ్ట్‌వేర్ లేదు కనుక కలిసింది. ఆదివారం టెర్మినల్‌లో కలవడమూ అంతే. నేను వానకూ, లైనుకూ, విండోస్‌కూ రాసిన ఖాతాలన్నీ ఒక్కొక్కటిగా ఇటు మార్చి రాసుకున్నాను. ఒక్క తేదీ కూడా మిగల్లేదు. యూపీఎస్ సంగతి మాత్రం వేరే ఖాతాగానే ఉండిపోయింది.

తరువాత చేసింది చిన్న పనే. ఉదయం ఎవరు తెరిచినా విండోస్ పాస్‌వర్డు కొట్టాలన్నది ఒక నియమం. డయల్ చేసే ముందు నోట్‌ప్యాడ్‌లో ఒక ఇంగ్లీషు మాట కొట్టి చూడాలన్నది రెండోది. పాస్‌వర్డు కొట్టాక ఎంటర్ నొక్కే ముందు చుక్కలు లెక్కపెట్టాలన్నది మూడోది. దాన్ని మానిటర్ అంచున చీటీ మీద కుర్రాడే తన చక్కని చేతిరాతతో రాసి అంటించాడు. కార్తీక మాసం ముహూర్తాలకు శుభలేఖల పని ముంచెత్తింది, ఆ నెలంతా రోజుకు రెండు మూడు సార్లు కీబోర్డు తెలుగులోకీ ఇంగ్లీషులోకీ మారింది. 691 రాలేదు. నవంబరు వానల్లో రెండుసార్లు 629 వచ్చింది. అప్పుడు పాస్‌వర్డు జోలికి పోకుండా నేరుగా లైన్‌మేన్ బాబాయికే కబురు పెట్టాను. మా గోడ బయటి జాయింటులో నీరు దిగింది, పావుగంటలో బాగుచేశారు.

ఆఫీసులో ఆ ఉద్యోగిని కలవడానికి నేను ప్రత్యేకంగా వెళ్లాను. మొదటి రోజు మీరు చెప్పిందే నిజం, నేను నమ్మలేదు అని చెప్పి, జరిగింది మొత్తం వివరించాను. ఆయన మధ్యలో ఆపి, తన ఫిర్యాదుల రిజిస్టరు తెరిచి, ఎనిమిది కీలకు ఎన్ని చుక్కలు పడ్డాయని అడిగి అంకె రాసుకున్నారు. నరసన్నపేట నుంచి ఒకరూ, టెక్కలి నుంచి ఒకరూ ఇలాగే కొన్ని రోజులు వచ్చి కొన్ని రోజులు రాదని నెలలుగా తిరుగుతున్నారని, ఇద్దరూ ప్రింటింగు ప్రెస్సుల వాళ్లేనని చెప్పి, నేను అక్కడ ఉండగానే టెక్కలికి ఫోను చేశారు. "పాస్‌వర్డు కొట్టండి, ఎంటర్ నొక్కొద్దు, ముందు చుక్కలెన్నో చెప్పండి" అన్నారు. అవతల కాసేపు చప్పుడు లేదు. ఆయన రిసీవరును కొంచెం నా వైపు తిప్పారు. అవతలి గొంతు నెమ్మదిగా లెక్కపెడుతూ తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు అంటోంది.